గుడ్డ కట్టిన దుబ్బు

ఆ ఊళ్ళో ప్రతివాడి చేతిలోనూ ఒక అద్దం ఉండేది. అందులో ఎవరి మొహం వాళ్ళకి కనపడదు. ఇంకొకళ్ళు ఏది చూపిస్తే అది కనపడుతుంది. అన్నం తింటూ అద్దం చూసేవాళ్ళు. నడుస్తూ చూసేవాళ్ళు. గోడకి గుద్దుకుంటే, బొప్పి కట్టిన నుదురు కూడా అద్దంలో చూపించి ముందుకి పోయేవాళ్ళు.

ఊరికి ఎగువన ఒక కొండ, కొండ నిండా చీపురు గడ్డి. ఆ గడ్డి కోసి చీపుళ్ళు కట్టే ఆడమనిషి సంత రోజున కిందికి దిగి ఒక మూల కూర్చునేది. చీపురుని చూసి మురిసిపోయేవాళ్ళు ఎక్కడా ఉండరు. పాతది అరిగిపోతే కొత్తది కొంటారు, అంతే. పైగా కొత్త చీపురు కొన్నాళ్ళు నూగు రాలుస్తుంది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడవాలి. అందుకని బేరమాడేవాళ్ళే తప్ప కొనేవాళ్ళు తక్కువ.

ఒకరోజు అద్దం మనిషి ఆమె ముందు ఆగాడు. అందరివీ అరచేతి అద్దాలైతే అతనిది నిలువుటద్దం. దాంట్లో అతను ఏది చూపిస్తే అది ఊరందరి చేతుల్లోనూ కనపడేది. మామూలు వస్తువుని మామూలుగా కనపడనివ్వకపోవడమే తన వృత్తి అని గొప్పగా చెప్పుకునేవాడు.

"ఏమ్మా, అమ్ముడుపోవటం లేదా?"

"ఏటి పోతాది బాబూ. నూగు రాలతాదని ఒగ్గేసి ఎల్లిపోతన్నారు."

"ఆ నూగే నాకు కావాలి" అన్నాడతను.

చీపురు తీసుకుని సాయంత్రపు ఎండకి ఎదురుగా దులిపాడు. అద్దంలో బంగారు పొడి కురిసింది. నిజంగానే అందంగా ఉంది, కాదనను. మరుసటి సంతకి ఆమె చుట్టూ జనం తోసుకున్నారు.

ఆమె సంతోషించింది. ఎందుకు సంతోషించకూడదు? ఆ ఏడు ఇంటిమీద కొత్త కప్పు వేసుకుంది, పిల్లలకి కడుపునిండా పెట్టుకుంది. ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు.

ఊరి సంగతి చెబుతాను. ఇళ్ళు ఊడవడానికి ఎవరూ చీపురు కొనలేదు. ఎండలో నిలబడి దులుపుకునేవాళ్ళు, దులుపుతూ అద్దంలో కనపడేవాళ్ళు. నూగు పూర్తిగా రాలిపోయాకే చీపురు ఊడవడానికి పనికొస్తుంది. సరిగ్గా అప్పుడే దాన్ని పెంట మీదకి విసిరేసేవాళ్ళు. వీధులు చెత్తతోనూ నూగుతోనూ నిండిపోయాయి. జనం దగ్గుతూ కొత్త చీపుళ్ళు కొనుక్కునేవాళ్ళు.

కొన్నాళ్ళకి ఊరికి మొహం మొత్తింది. అద్దం మనిషి కొత్తది వెతుక్కుంటూ కొండెక్కాడు. అక్కడ కొన్ని దుబ్బులు కొయ్యకుండా నిలబడి ఉన్నాయి. ప్రతి దుబ్బుకీ నడుముకి చుట్టినట్టు ఒక ఎర్ర గుడ్డ పీలిక కట్టి ఉంది.

"ఇదేమిటమ్మా?"

"అది కోసేది కాదు బాబూ. ఇత్తనానికి వదిలేసినాం. గుడ్డ కడితే ఇంకెవులూ సెయ్యెయ్యకూడదు. మా తాతల కాడినుంచీ అంతే."

"అంటే అన్నిటికన్నా మంచిదన్నమాట."

"మంచిదని కాదు. అదుంటేనే కదా వచ్చే ఏడు కొండ మీద గడ్డుంటాది."

అతను తనకి కావలసినంత వరకే విన్నాడు. అద్దం ఎత్తి ఆ గుడ్డని దగ్గరగా చూపించాడు. "కొండవాళ్ళు ఎవరికీ ఇవ్వకుండా దాచుకునే గడ్డి ఇది. దీని మీద చెయ్యి వెయ్యనివ్వరు. గుడ్డ చూసి కొనండి" అన్నాడు.

అందులో ఒక్క అబద్ధం లేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. అబద్ధం చెప్పి ఉంటే ఎవరో ఒకరు పట్టుకుని నిలదీసేవాళ్ళు.

ఆమె తమ్ముడు అమ్ముడుపోని చీపుళ్ళ బుట్టతో సంత నుంచి తిరిగొచ్చాడు.

"అక్కా, అందరూ గుడ్డ కట్టిందే ఇమ్మంటన్నారు. గుడ్డ లేనిదాన్ని ముట్టుకోటం లేదు."

"అది ఇత్తనంరా!"

"నాకు తెలీదేటి? మనం కొయ్యకపోతే ఆలే వచ్చి పీక్కుపోతారు. నిన్న పక్క గట్టుమీద పీకేసినారు."

నిజమే. కోసుకుపోయినా బాగుండేది, మొదలు మిగిలేది. ఊరివాళ్ళకి కొడవలి పట్టడం రాదు. వేళ్ళతో సహా పీకారు. గుడ్డ కట్టిన దుబ్బు కనపడితే చాలు, ముందు నేనంటే నేనని ఎగబడ్డారు. ఒకరి చేతిలోది ఒకరు లాక్కున్నారు. వచ్చే వానల నాటికి కొండ బోడిగా మిగిలింది.

విత్తనం ఇక ఎక్కడ ఉందో ఆమెకి తెలుసు. ఊరివాళ్ళు అందానికి గోడలకి తగిలించుకున్న ఎర్రగుడ్డ చీపుళ్ళలో ఉంది. ఆమె ఇంటింటికీ తిరిగింది.

"అమ్మా, ఆ సీపురు ఒక్కపాలి దులుపుకోనీ. గింజలు రాలితే సాలు. మళ్ళీ నీ గోడకే తగిలించేత్తాను."

"దులిపితే అందం పోదూ?" అంది ఒక ఇల్లాలు. "ఒక్క పోగు రాలకుండా జిగురు పూయించాం."

ప్రతి ఇంట్లోనూ అదే మాట. రాలిందే బంగారమన్న ఊరు ఇప్పుడు రాలకుండా ఉన్నదే బంగారం అంటోంది. రెండు మాటలూ నేర్పింది ఒకడే. ఆమె చివరికి అతని గుమ్మం ముందే నిలబడింది.

"బాబూ, నీ అద్దంలో మా బోడికొండ సూపించు. సూస్తే ఇచ్చేత్తారు."

"బోడికొండని ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు. అంతలో ఏదో తట్టింది. కళ్ళు మెరిశాయి. "అందరూ చీపుళ్ళు పట్టుకుని కొండ మీద నిలబడితే చూస్తారు. తీసుకొస్తాను. నువ్వు కూడా ఉండాలి."

తీసుకొచ్చాడు. ఊరు ఊరంతా ఎర్రగుడ్డ చీపుళ్ళు ఎత్తి పట్టుకుని కొండ నిండా నిలబడింది. కొండకి ప్రాణం పోస్తున్నామని పాట పాడారు. కొందరు కన్నీళ్ళు కూడా పెట్టుకుని, ఆ కన్నీళ్ళు తుడుచుకోకుండా అద్దం వైపు తిరిగారు. వాళ్ళ కాళ్ళ కింద అక్కడక్కడా మిగిలిన పచ్చని మొలకలు నలిగిపోతున్నాయి.

"దులపండి!" అని అరిచింది ఆమె. "మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కపాలి దులపండి!"

ఎవరూ కదల్లేదు. ఆమె పక్కనున్నవాడి చేతిలోంచి చీపురు లాక్కుని రాతికేసి కొట్టింది. నేల వైపు చూసింది. ఒక్క గింజ రాలలేదు. మళ్ళీ కొట్టింది, మళ్ళీ మళ్ళీ కొట్టింది. జిగురులో గింజలు గింజలుగానే ఉండిపోయాయి.

జనం చప్పట్లు కొట్టారు.

"అద్భుతం!" అన్నాడు అద్దం మనిషి. "ఇంకొక్కసారి కొట్టమ్మా. వెలుతురు సరిగ్గా పడలేదు."

ఆమె చెయ్యి ఆగింది. అతని వైపు తిరిగింది. తరవాత చీపురు నడుముకున్న ఎర్ర గుడ్డ విప్పింది. అతని దగ్గరికి నడిచి, అతని నడుముకి చుట్టి ముడి వేసింది.

తనని సన్మానిస్తోందనుకున్నాడు అతను. గుడ్డ బాగా కనపడేలా అద్దం సర్దుకుని నవ్వాడు. ఊరందరి చేతుల్లోనూ ఎర్ర గుడ్డ కట్టుకున్న అద్దం మనిషి కనపడ్డాడు.

జనం అద్దాల్లోంచి తలలెత్తారు. ముందు ఒకడు కదిలాడు. వాణ్ణి తోసుకుని ఇంకొకడు. ఆ తరవాత అందరూ, ముందు నేనంటే నేనని.

"ఆగండి, ఇది..." అన్నాడు అద్దం మనిషి. ఆ గుడ్డకి అసలు అర్థం చెప్పబోయాడేమో. ఒకడు చెయ్యి పట్టి లాగాడు, ఇంకొకడు జుట్టు.

ఆమె కొండ దిగిపోయింది. నిలువుటద్దం ఒక రాతికి ఒరిగి పడి ఉంది. అందులో బోడికొండ ఉన్నది ఉన్నట్టు కనపడుతోంది. చూసేవాడు లేడు. అందరి చేతులూ పనిలో ఉన్నాయి.