తంబూరాకు బండిలో చోటు

సరిహద్దు ఊళ్లు చూడబోతూ రాజుగారు, దారిలో వినడానికి కచేరీ కూడా వెంట రావాలన్నారు. ఉన్నది ఒక్క బండి. అందులో పట్టేలా కచేరీని కుదించే పని మంత్రి కుశలవర్మగారి మీద పడింది. పైగా ఆ బండిలో ఆయనకీ చోటుండాలి.

"గాయకుడు ఉండాలి, మద్దెల ఉండాలి. తంబూరా దండగ ప్రభూ. మొదటినుంచి చివరిదాకా ఒకటే రొద. దాన్నెవరు వింటారు? తీసేసినా ఎవరికీ తెలియదు," అన్నారాయన. రాజుగారికీ సబబే అనిపించింది.

ఇరవై ఏళ్లుగా గాయకుడి వెనక కూర్చుని తంబూరా మీటుతున్న చెంగమ్మ చెవిన ఈ మాట పడింది. ఆ కొలువు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. అయితే వెనక కూర్చున్నవాళ్లకు సభంతా కనపడుతుంది. మంత్రిగారి సంగతి ఆమెకు బాగా తెలుసు.

"ఈ సాయంత్రం ఒక్కసారి మీటి వెళ్లిపోతాను ప్రభూ," అని మాత్రం అడిగింది. రాజుగారు సరేనన్నారు.

సాయంత్రం గాయకుడు రాగం ఎత్తుకోగానే మంత్రిగారు అలవాటు ప్రకారం దిండుకు చేరగిలబడి గుర్రు పెట్టసాగారు. రాగం మంచి పాకాన పడ్డాక చెంగమ్మ తీగల మీంచి వేళ్లు తీసేసింది.

మంత్రిగారు ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు. "ఏమైంది? కచేరీ ఎందుకాపేశారు?"

గాయకుడు పాడుతూనే ఉన్నాడు.

"కచేరీ ఆగలేదు మంత్రిగారూ," అంది చెంగమ్మ. "ఎవరూ వినరన్న ఆ రొదే ఆగింది."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. మర్నాడు బండిలో మంత్రిగారే ఒక మూలకు ఒదిగి తంబూరాకు చోటిచ్చారు. అది మోగడం మొదలయ్యాక, ఊరి పొలిమేర దాటకముందే హాయిగా నిద్రపోయారు.