వెనక సీట్లో చప్పుడు

మూడుసార్లు బాగుచేసి పంపిన కారు నాలుగోసారి వచ్చి షెడ్డు ముందు ఆగింది. మద్దిలేటి దాన్ని చూసి, చూడనట్టు ఇంకో బండి బానెట్లోకి తల దూర్చాడు.

నంద్యాలలో పాత కార్లున్నవాళ్ళంతా ఉస్తాద్ దస్తగిరి షెడ్డుకే వస్తారు. మద్దిలేటి అక్కడ చేరి పదకొండేళ్ళయింది. రెండేళ్ళుగా ఉస్తాద్ చేతులు వణుకుతున్నాయి కనక పానా పట్టేది మద్దిలేటే. ఇంజను చప్పుడు విని లోపల ఏది అరిగిందో చెబుతాడని అతనికి ఊళ్ళో పేరు. ఆ పేరు సంగతి అతనికీ తెలుసు.

వచ్చిన కారు ఇందుమతి టీచరుది. ఆమె భర్త సుదర్శనం ముప్పై అయిదేళ్ళ కిందట కొన్నది. నిరుడు ఆయనకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట కూడా పోయింది. ఆమె ఆ వయసులో డ్రైవింగ్ నేర్చుకుని, వారానికి మూడుసార్లు ఆయన్ను ఫిజియోథెరపీకి తీసుకెళుతోంది.

"ఇంకా కీచుమంటోంది," అంది కారు దిగుతూనే.

"ముందు చక్రాల బుష్‌లు మార్చినా. జాయింట్లకు గ్రీజు కొట్టినా. బ్రేకులు విప్పి చూసినా. మొన్న బైపాస్ మీద ఇరవై కిలోమీటర్లు తోలినా. నాకేం వినపడలేదు టీచరమ్మా."

"నాకు వినపడుతోంది. ఆయనకు ఇంకా ఎక్కువ వినపడుతోంది. కీచుమన్నప్పుడల్లా ఎడమ చేత్తో అద్దం మీద కొడతారు. సోమవారం కారెక్కనని ఇంటి తలుపు పట్టుకుని వదల్లేదు. నిన్నా అంతే. ఇప్పుడు మానేస్తే వచ్చిన కాస్త కదలికా పోతుందంటున్నారు డాక్టరు. రేపు మళ్ళీ వెళ్ళాలి."

మద్దిలేటి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "ఇంట్లో మనిషికి బాగలేనప్పుడు ప్రతి చప్పుడూ పెద్దగానే వినపడతాదమ్మా. బండిలో ఏం లేదు. అంతా మీ దిగులు."

ఆమె వెళ్ళి షెడ్డు ముందున్న బల్ల మీద కూర్చుంది.

లోపల కుర్చీలో ఉన్న ఉస్తాద్ ఇదంతా విన్నాడు. "ఆ బండి ఎట్ల చూస్తివి?" అని అడిగాడు.

"మీరు నేర్పినట్టే. ముందు ఖాళీ చేసినా."

ఆ షెడ్డు పద్ధతి అది. పనిలోకి దిగేముందు కారులో ఉన్న సామానంతా తీసి అట్టపెట్టెలో పెట్టాలి. ఏదో పోయిందన్న మాట రాకూడదు. సీసా దొర్లే చప్పుడు విని బండిని అనుమానించకూడదు. ఉస్తాద్ నలభై ఏళ్ళుగా అందరికీ మొదట నేర్పేది అదే.

"ఖాళీ చేసినాక?"

"జాకీ మీద ఎత్తి కింద చూసినా. ఆనక ఒక్కన్నే తోలినా. పక్కన ఓనరుంటే మాటలు పెడతాడు, చప్పుడు వినపడదు. అదీ మీరు చెప్పిందే."

"నేను చెప్పిందే," అని ఒప్పుకున్నాడు ఉస్తాద్.

మద్దిలేటి అట్టపెట్టె తీసుకుని కారు దగ్గరికి వెళ్ళాడు. వెనక, ఎడమపక్క సీట్లో ఒక దిండు ఉంది, కింద చిన్న చెక్కపీట. దిండు తీయబోతుంటే ఉస్తాద్ మెల్లగా నడిచి వచ్చాడు.

"ఉండనీ. నువ్వెక్కు."

"యాడికి?"

"అక్కడికే. దిండు వీపుకు పెట్టుకో. కుడికాలు పీట మీద పెట్టు."

"నేను తోలి చూపిస్తా ఉస్తాద్..."

"తోలేది టీచరమ్మ. నువ్వు నోరు తెరవగూడదు." ఉస్తాద్ ఆమె వైపు తిరిగాడు. "ఆసుపత్రి దాకా పోయి రామ్మా. రోజూ ఎట్ల తోలుతావో అట్లనే."

"మీరూ రండి."

"నేనెక్కితే నీ బండి కమాన్లు విరుగుతాయి."

సందు మలుపులో మొదటి స్పీడ్ బ్రేకర్. ఆమె బాగా నెమ్మది చేసింది, అయినా కీచుమంది. ఆ చప్పుడు ముందు నుంచి కాదు, సరిగ్గా మద్దిలేటి కింది నుంచి వచ్చింది. వచ్చి వెన్నులోకి ఎక్కింది. తరవాత గతుకు గతుకుకూ అదే. ఆపమని చెప్పడానికి నోరు తెరిచాడు. ఉస్తాద్ మాట గుర్తొచ్చి మూసుకున్నాడు. రోడ్డు ఎక్కడ బాగలేదో ఆమెకు ముందే తెలుసు. అక్కడికి రాకముందే ఆమె కళ్ళు అద్దంలోంచి వెనక సీటు వైపు చూసేవి. అక్కడ మద్దిలేటి ఉన్నాడని తెలిసి కూడా చూసేవి.

రైల్వే గేటు దాటేసరికి అతని ఎడమ చెయ్యి పక్క అద్దం మీద ఉంది. ఎప్పుడు పెట్టాడో అతనికి తెలియదు.

తిరిగి వచ్చాక ఈసారి బండిని జాకీ మీద ఎత్తలేదు. ఒక మనిషిని వెనక సీట్లో కూర్చోబెట్టి, నేల మీదున్న బండి కిందికే దూరాడు. వెనక బరువు మోసే ఉక్కుపట్టీల ఎడమ కమాను చివర రబ్బరు బుష్ చీలి ఉంది. బండిని పైకెత్తితే ఆ చీలిక మూసుకుపోతుంది. మనిషి కూర్చుంటే తెరుచుకుని ఇనుము ఇనుముకు రాసుకుంటుంది. కొత్త బుష్ వేయడానికి గంట కూడా పట్టలేదు.

చేతులు కడుక్కుని ఉస్తాద్ దగ్గరికి వచ్చాడు.

"దొరికింది ఉస్తాద్. చప్పుడు ఉన్నదే. తప్పు నాది."

"నాకెందుకు చెప్తావు?"

మద్దిలేటి బల్ల దగ్గరికి వెళ్ళాడు. "టీచరమ్మా, చప్పుడు నిజమే. నేనే సరిగా చూడలేదు. ఇప్పుడు పోయింది. అయ్యగారికి చెప్పండి."

"నేను చెబితే నమ్మరు బాబూ," అంది ఇందుమతి. ఆమె గొంతులో కోపం లేదు. "బాగయిందని ఇప్పటికి మూడుసార్లు చెప్పాను."

మద్దిలేటి ఉస్తాద్ వైపు చూశాడు.

"వాళ్ళింటికి పోయి రా," అన్నాడు ఉస్తాద్. "ఆయన ఎక్కితే బండి బాగయినట్టు."