ముక్కయ్యకు నచ్చని వాసన

అనగనగా ఒక అడవి. ఎక్కడుందని అడగకండి, చెబితే చెప్పులేసుకుని బయల్దేరతారు. అక్కడ ఇప్పచెట్టు తొర్రలో చారలమ్మ అనే ఉడుత, ఆమె ముగ్గురు పిల్లలూ ఉండేవారు.

వానాకాలం మూడు నెలలూ తిండి దొరకడం కష్టం. అందుకని చారలమ్మ ఎండల్లోనే చేలో రాలిన జొన్నలు ఏరి, ఎండబెట్టి, నెలకొకటి చొప్పున రెండు చిన్నవీ ఒక పెద్దదీ, మూడు పొట్లాలు కట్టేది. అది అత్తగారు నేర్పిన విద్య. లోపల మోదుగాకు, పైన టేకాకు, రెంటికీ మధ్య ఎండిన వావిలాకు. అలా మధ్యలో పెడితే గింజకు చేదు అంటదు. ఆ ఘాటుకు పురుగూ దగ్గరికి రాదు.

ముక్కపురుగు తెలుసు కదా? బియ్యంలో పొడుగు ముక్కేసుకుని తిరుగుతుంది. మా హాస్టల్లో అన్నంలోంచి వాటిని ఏరడానికి పట్టిన కాలం మాకు చదువుకు పట్టలేదు. సరే, అది వదిలేయండి.

ముక్కయ్య అనే ముక్కపురుగు ఒకరోజు తొర్ర గుమ్మంలో నిలబడి గట్టిగా తుమ్మాడు. ఇంత చక్కటి ఇల్లు పెట్టుకుని ఈ కంపు ఏమిటని జాలిపడి వెళ్ళిపోయాడు.

రెండోరోజు వచ్చి, కింద పొదలో ఉండే కముజుపిట్ట మామ కూడా ఈ వాసనకు మొహం తిప్పుకుంటున్నాడని చెప్పాడు. చారలమ్మకు ఆ పూట తిండి సయించలేదు.

మూడోరోజు, "ఒక్క పొట్లానికి ఆ ఆకు తీసి చూడక్కా. పెద్దదానికే తియ్యి," అన్నాడు.

"నా ఇంటి మీద నీకెందుకయ్యా అంత శ్రద్ధ?"

"దేవుడు ఇంత ముక్కు ఇచ్చాక వాసనల సంగతి నేను కాక ఎవరు చెప్పాలక్కా?"

ముక్కు నిజంగానే పొడుగ్గా ఉంది. చారలమ్మ పెద్ద పొట్లంలో వావిలాకు తీసేసింది.

రెండు నెలల వానలకు రెండు చిన్న పొట్లాలూ సరిపోయాయి. మూడో నెల మొదట్లో పెద్దది విప్పితే పిండి రాలింది. పిండిలోంచి ముక్కయ్య, వెనకాల అతని సంతానం తొంగిచూశారు.

"రా అక్కా, ఇప్పుడు కంపు లేదు, హాయిగా ఉంది," అన్నాడు ముక్కయ్య.

చారలమ్మ పొట్లాన్ని మళ్ళీ మూసి చెట్టు కిందికి దొర్లించింది. దాని చుట్టూ వావిలాకు దట్టంగా చుట్టి, పొద వైపు ఒక్క కన్నం వదిలింది. ఆ కన్నం ముందు కముజుపిట్టను కూర్చోబెట్టి, ముక్కయ్య చెప్పిన మాట చెప్పింది.

"నేనెప్పుడు మొహం తిప్పుకున్నానమ్మాయ్? వాణ్ణే అడుగుదాం," అన్నాడు కముజుపిట్ట మామ.

ఘాటు తట్టుకోలేక పురుగులు ఒక్కొక్కటే కన్నంలోంచి బయటపడ్డాయి. పిట్ట మామ ఒక్కొక్కదాన్నే పలకరించాడు, ముక్కుతో. ముక్కయ్య ఆఖరున వచ్చాడు, తుమ్ముకుంటూ.

"వాసన ఎలా ఉంది తమ్ముడూ?" అంది చారలమ్మ.

జవాబు చెప్పే వ్యవధి అతనికి దొరకలేదు.

మిగిలిన గింజలు చారెడే. ఆ నెలంతా పిల్లలు చింతగింజలు కొరుకుతూ అమ్మ వంక గుర్రుగా చూశారు. మరుసటి ఏడు పొట్లాలకు చారలమ్మ వావిలాకు రెండు వరసలు వేసింది.

నీతి: మీ తలుపు గడియ బాగాలేదని దొంగ వచ్చి చెబితే, దాన్ని ఇంకాస్త గట్టిగా బిగించండి.