చదివి వినిపించాకే

మౌలాలి వాళ్లమ్మ కంప్యూటర్ ముందు కూర్చోక తొమ్మిది రోజులైంది. ఆ సంగతి చెప్పుకోవడానికే అతను గురువారం మధ్యాహ్నం దర్గా పక్క గదిలో ఉండే పీరాన్ సాహెబ్ దగ్గరికి వచ్చాడు.

పీరాన్ సాహెబ్ ముప్పై తొమ్మిదేళ్లు రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చిన్న బల్ల వేసుకుని దస్తావేజులు రాశాడు. ఎంత తొందర పనైనా సరే, రాసిందంతా పైకి చదివి వినిపించకుండా ఎవరి వేలిముద్రా వేయించుకునేవాడు కాదు. ఆ పని మానేశాక దర్గా పక్కన చేరాడు. మనసు బాగోలేనివాళ్లు వచ్చి కూర్చుంటే వింటాడు. మౌలాలికి నమాజు నేర్పింది ఆయనే. కోపం వచ్చినప్పుడు నోరు మూసుకోవడం నేర్పుతున్నదీ ఆయనే. ఆ రెండోది ఇంకా పూర్తిగా రాలేదు.

మౌలాలి వాళ్లమ్మ హుసేనమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కొడుకు డిగ్రీలో ఉండగా కొన్న పాత కంప్యూటర్లో మెడ డిజైన్లు గీయడం నేర్చుకుంది. వాటిని ఆడవాళ్లకు మెయిల్లో పంపేది. పోయిన నెల దాంట్లోకి ఏదో దొంగచూపుల ప్రోగ్రాం దూరింది. పాస్‌వర్డు పట్టుకుపోయింది. హుసేనమ్మ పేరుతో అందరికీ పాడు మెయిళ్లు వెళ్లాయి. ఒక టీచరమ్మ గుమ్మంలోకి వచ్చి, ఇదేం పని హుసేనమ్మా అని అడిగింది. ఆవిడ ముందే మౌలాలి తల్లి మీద ఎగిరాడు. కనబడిందల్లా నొక్కుతావు, నీకెందుకమ్మా కంప్యూటరు అన్నాడు.

ఆమె లేచి కంప్యూటర్ మీద పాత దుప్పటి కప్పేసింది. ఇప్పుడు డిజైన్లు పేపర్ల మీద పెన్సిలుతో గీసుకుంటోంది.

"అంతా తుడిచేసినా తాతా. కొత్త కాపలా ప్రోగ్రాం పెట్టినా. పాస్‌వర్డులన్నీ మార్చినా. ఇంక ఎవడూ దూరలేడు," అన్నాడు మౌలాలి. "అమ్మకు మీరొక్క మాట చెప్పండి. ఇంకమీదట చూసి నొక్కమని."

అతను చెబుతున్నంతసేపూ ముసలాయన ఒళ్లో అట్ట పెట్టుకుని ఏదో రాస్తూనే ఉన్నాడు. రాయడం అయ్యాక కాగితం ముందుకు తోశాడు.

"సంతకం పెట్టు అబ్బీ."

దర్గాకు కుళాయి కోసం అర్జీ అయి ఉంటుందనుకున్నాడు మౌలాలి. రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, సంతకం పెట్టి ఇచ్చాడు. పీరాన్ సాహెబ్ తీసుకోలేదు.

"ఇప్పుడు చదువు."

మౌలాలి చదివాడు. మౌలాలి అనే నేను రాసిచ్చింది ఏమనగా, మా ఇంట్లో ఎవరేం మాట్లాడుకున్నా పీరాన్ సాహెబ్ వినవచ్చు. మా అమ్మ ఎవరికేం రాసినా చూడవచ్చు. ఆమె పేరు పెట్టి ఎవరికైనా ఏమైనా రాయవచ్చు. ఇందుకు నేను ఇష్టపూర్తిగా ఒప్పుకుంటున్నాను.

నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఇదేంది తాతా? మీరిచ్చినారని పెట్టినా."

"సరే. ఆ తెర మీద ఏదైనా వస్తే మీ అమ్మ ఏం చేస్తాది?"

"నన్ను పిలుస్తాది. అబ్బీ, ఇదేందో అడుగుతాంది సూడు అంటాది."

"నువ్వు?"

మౌలాలి కాగితం మీద తన సంతకం చూసుకున్నాడు. అమ్మ పిలిస్తే తను పక్కగదిలో ఫోన్లోంచి తల ఎత్తకుండానే, సరే అని నొక్కమ్మా అని కేకేస్తాడు. ఎప్పుడూ అంతే. ఆ దొంగ ప్రోగ్రాం దూరిన రోజూ అంతే. టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఉంటే, వాడే నొక్కమన్నాడు అన్న ఒక్క మాట అమ్మ అనలేదు.

"చదువు రానోళ్లకు నేను చదివి వినిపించేవాణ్ణి," అన్నాడు పీరాన్ సాహెబ్. "ఇంట్లో చదువుకున్నోడు ఉంటే నాతో పని లేదనుకునేవాణ్ణి."

కాగితం వైపు చూపించి, "దాన్ని మీ అమ్మకు చదివి వినిపించు పో," అన్నాడు.

ఇంట్లో హుసేనమ్మ చేతికుట్టు వేస్తోంది. మౌలాలి మిషను పక్కన కింద కూర్చుని, మొదటి నుంచి తన సంతకం దాకా చదివాడు. ఆమె నోట్లో గుండుసూది పెట్టుకుని అంతా వింది.

"సదవకుండానే పెట్టినావా?"

"ఊ." కాగితం మీది సంతకం చూపించాడు. "టీచరమ్మ ఇంటికి పోయొస్తానమ్మా. నొక్కమన్నది నేనే అని చెప్తా."

హుసేనమ్మ కాగితం లాక్కుంది. పెద్ద కత్తెర తీసుకుని నిలువునా రెండు ముక్కలు చేసింది. మళ్లీ సూది అందుకుంది. "అన్నం తిని పో," అంది.

ఆదివారానికి దుప్పటి తీసేసి ఉంది. మౌలాలి అన్నం తింటుంటే ముందుగదిలోంచి పిలుపు వినబడింది.

"అబ్బీ, ఇదేందో అడుగుతాంది సూడు."

అతను కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"చదువుతా, వినమ్మా," అన్నాడు.