లైటు సరిపోయేదాకా

పెద్ద కెమెరా కొనకపోతే ఇంక నా బతుకు ఇంతే అని నాకు గట్టిగా అనిపించిన రోజులవి.

ధర్మవరంలో దస్తగిరి సారు స్టూడియోలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. పని నేర్చుకుందీ ఆయన దగ్గరే. లైటు ఎక్కడ పెట్టాలి, మనిషిని ఎట్ల కూర్చోబెట్టాలి, గదమను, అదే గడ్డాన్ని, ఎంత ఎత్తమని చెప్పాలి, అన్నీ ఆయన నేర్పినవే. సారుకు డెబ్బై దాటినాయి. చేతులు వణుకుతాయని పెళ్లిళ్లకు పోవడం మానుకొని, ముందుగదిలో కూర్చొని పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించుకుంటా ఉంటాడు. పెళ్లిళ్లకు పోయేది నేనే. నా చేతిలో ఉండేది సారు కొనిచ్చిన కెమెరా. కొత్తగా నేర్చుకునేవాళ్లకని అమ్మే చిన్న రకం డీఎస్ఎల్ఆర్. దాంతోనే మూడు వందల పెళ్లిళ్లు లాగినాను.

పెళ్లిలో ఫొటోగ్రాఫరంత ఒంటరి మనిషి ఇంకొకడు ఉండడు. మీరు నమ్మరు గానీ నిజం. ఐదువందల మంది నా వైపు తిరిగి నవ్వుతారు. కెమెరా కిందికి దించితే ఒక్కరూ చూడరు. అందరూ తిన్నాక ఆఖరి బంతిలో మేళమోళ్ల పక్కన కూర్చొని నాలుగు మెతుకులు తిని, బస్టాండు వెనకాల గదికి పోయి తాళం తీసుకోవడం. ఆ గదిలో ఒక పెట్టెలో నా పెళ్లి ఆల్బం ఉంది. నా భార్య గుత్తికి, పుట్టింటికి పోయి ఏడేళ్లయింది. కొట్లాటేం లేదు. "నువ్వు ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటావు" అని పోయింది, అంతే.

ఆ ఒంటరితనానికి పెద్ద కెమెరా మందని నాకెందుకు తోచిందో, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ తోచింది. అనంతపురం నుంచి వచ్చే ఫొటోగ్రాఫర్లు మెడలో ఒకటి, భుజానికొకటి పెద్ద కెమెరాలు తగిలించుకొని దిగితే పెళ్లికొడుకు తండ్రి లేచి కుర్చీ వేయించేవాడు. నన్నేమో "ఓ ఫొటో, పక్కకు జరుగు" అనేవాళ్లు. నాకు ఆ కుర్చీ కావాల్సి వచ్చింది.

ఒక మధ్యాహ్నం సారు ముందర నిలబడి అడిగేసినాను. పాత కెమెరా ఆయనది కాబట్టి, అది ఇచ్చి కొత్తది తెచ్చుకోవాలంటే ఆయన సరేననాలి.

"దీంట్లో నీకు చాలనిదేంది?" అన్నాడు సారు.

చెప్పడానికి చాలా ఉండె. మండపంలో లైటు తక్కువైతే బొమ్మ మీద రవ్వ చల్లినట్టు వస్తుందన్నాను. తాళి కట్టేటప్పుడు గబగబా నాలుగు నొక్కితే ఐదోదానికి మొరాయిస్తుందన్నాను. అన్నిటికంటే పెద్ద తలనొప్పి టెస్టు ఫొటోలన్నాను. ముహూర్తానికి ముందే పోయి, పదీ ఇరవై తీసి చూసుకుంటే గానీ లైటు కుదరదు. పెద్దదైతే మొదటి నొక్కుకే కుదురుతుంది.

"టెస్టులు ఎవర్ని పెట్టి తీస్తావు?"

"ఎవరో ఒకరు సార్. మేళంలో డోలాయన అందరికంటే ముందే వచ్చి కూర్చోనుంటాడు. ఎక్కువగా ఆయన్నే."

సారు కత్తెర ఆపలేదు. నేను ఇంకా పది మాటలు సిద్ధం చేసుకొని పోయినాను, ఏదో ఒక వంక చెప్తాడని. ఆయన ఒక ఫొటో అంచు కత్తిరించి, బల్ల మీద పెట్టి, "కొనుక్కో. నువ్వు చెప్పినవన్నీ నిజమే" అన్నాడు.

శనివారం అనంతపురం పోవాలని అనుకున్నాను. అక్కడి కెమెరా కొట్టాయనకు ఫోన్ చేస్తే, పాత కెమెరా ఇంతవరకు ఎన్ని ఫొటోలు తీసిందో చెప్పమన్నాడు. ఆ లెక్క కెమెరాలోనే ఉంటుంది. లక్షా పద్దెనిమిది వేలు చూపించింది. అంత పని చేసినాను గదా అని నాకు గర్వమే అయింది.

గురువారం పొద్దున ఒకామె స్టూడియో మెట్లెక్కి వచ్చింది. యాభై ఐదేళ్లుంటాయేమో. చేతిలో ఒక ఆధార్ కార్డు.

"ఓబులేసంటే నువ్వేనా నాయనా?" అని అడిగింది.

అవునన్నాను. తన పేరు సుంకులమ్మ అంది. డోలు కదిరప్ప పెండ్లాన్నని చెప్పింది. కదిరప్ప పోయి ఏడు దినాలయింది. జ్వరమని పడుకొని లేవలేదు. సోమవారం దినం పెట్టుకున్నారు. పటం కట్టించాల.

కదిరప్ప పోయిన సంగతి నాకు తెలీదు. అంతకుముందు ముహూర్తంలో డోలు దగ్గర ఇంకెవరో కూర్చోనుంటే, ఆయన్ని పెట్టి టెస్టులు తీసుకున్నాను. ముందరాయన ఏడీ అని అడగాలని కూడా నాకు తోచలేదు.

ఆధార్ కార్డులో ముఖం ఉండే చోట నల్లటి మరక తప్ప ఏమీ లేదు. ఇంట్లో ఉండేది నంబర్లు నొక్కే ఫోను. ఇంకెక్కడా ఆయన బొమ్మ లేదు. అయినా ఆమె దిగులుగా లేదు. ధైర్యంగానే వచ్చింది.

"నీ దగ్గర పెట్టె నిండా ఉంటాయంట గదా నాయనా" అంది. "ప్రతి పెండ్లిలోనూ తీస్తాడు, మంచిది పడేదాకా వదలడు అనేవాడు ఆయప్ప. మనకేం తక్కువే, రాజులకు తీసినట్టు తీస్తాడు అనేవాడు. బాగ పడింది ఒకటి ఇయ్యి, చాలు."

శనివారం పొద్దున రమ్మన్నాను. ఆ మాట ఎట్ల అన్నానో నాకే తెలీదు.

మంచిది పడేదాకా వదలడు. ఆయప్ప అట్ల అనుకున్నాడు. టెస్టు ఫొటోలు ఎవరూ ఉంచుకోరు. ఆల్బం ఏరేటప్పుడు అడ్డం పడతాయి, పెళ్లివాళ్లు చూస్తే నవ్వుతారు. ఒకటి తెల్లగా మాడిపోతుంది, ఒకటి చీకటి కొడుతుంది, ఒకటి పచ్చగా వస్తుంది. లైటు కుదిరిన మరుక్షణం నేను పెళ్లికూతురి వైపు తిరిగేవాణ్ణి. ఖాళీ దొరకగానే అవన్నీ చెరిపేసేవాణ్ణి. అంటే ఆయప్పవి నేను తీసినవన్నీ చెడిపోయినవే. బాగ పడే వేళకు ఆయప్ప నా ముందు లేడు.

నేను కెమెరా ఎత్తగానే ఆయన తుండుతో ముఖం తుడుచుకునేవాడు. చొక్కా పై గుండీ పెట్టుకునేవాడు. డోలును కొంచెం ముందుకు జరుపుకొని కదలకుండా కూర్చునేవాడు. అయినాక "బాగ పడిందా?" అని అడిగేవాడు. "బాగ పడింది పెద్దాయనా" అనేవాణ్ణి, తెర మీదనుంచి కళ్లు ఎత్తకుండా. ఒకసారి కాదు, ఎన్నో ముహూర్తాల్లో.

ఆ దినమూ, శుక్రవారమూ కంప్యూటర్ ముందర కూర్చొని మూడు వందల పెళ్లిళ్లూ వెతికినాను. ఒకదాంట్లో మోచెయ్యి దొరికింది. ఒకదాంట్లో డోలు దొరికింది, మనిషి లేడు. అక్షింతలు వేస్తున్న ఒక ముసలామె భుజం వెనకాల సగం చెవి కనబడింది, అది కదిరప్పదో సన్నాయి ఆయనదో చెప్పలేను. చెరిపేసిన ఫొటోలు వెనక్కి తెచ్చే ప్రోగ్రాం ఒకటుంటే కెమెరా మెమరీ కార్డుల మీద అదీ పెట్టి చూసినాను. వాటి మీద ఎన్నిసార్లు ఎన్ని పెళ్లిళ్లు పడినాయో. పెళ్లికూతుర్లే వచ్చినారు.

శుక్రవారం సాయంత్రం సారు దగ్గరికి పోయి జరిగింది చెప్పినాను. చెప్పేటప్పుడు నా గొంతులో కోపముండె. ఎవరి మీదనో తెలీదు. టెస్టులు చెరపని ఫొటోగ్రాఫర్ని ఒక్కణ్ణి చూపించండి సార్ అన్నాను. ఈ పాడు కెమెరాకు లైటు కుదరక గదా ఇదంతా, పెద్దది ముందే ఉండుంటే ఆయప్పకు ఆశ పెట్టేవాణ్ణే కాదు అని కూడా అన్నాను.

సారు అంతా విన్నాడు. కత్తెర పక్కన పెట్టి లేచినాడు.

"లోపలికి రా. కెమెరా తే" అన్నాడు.

లోపల ఫొటోలు తీసే గదిలో లైట్లేసి, నన్ను స్టూలు మీద కూర్చోమన్నాడు. కెమెరా తీసుకున్నాడు. చేతులు వణుకుతా ఉంటే మోచేతులు పక్కటెముకలకు ఆనించుకొని నిలబడినాడు.

"గదమ ఎత్తు. ఇంకొంచెం. ఆఁ."

నొక్కినాడు. తెర చూసుకొని, లైటు పక్కకు జరిపి మళ్లా నొక్కినాడు. నా దగ్గరికొచ్చి కాలరు సర్ది, వెంట్రుకలు నుదుటి మీదనుంచి పక్కకు తోసి, వెనక్కి పోయి మళ్లా నొక్కినాడు.

సిగ్గు విడిచి చెప్తున్నాను. ఒక మనిషి నా ముఖంలోకి అంతసేపు చూసి ఎన్నేళ్లయిందో. సారు నాకు ఫొటో తీస్తున్నాడు, కష్టంలో ఉన్నానని నన్ను ఓదారుస్తున్నాడు అనుకున్నాను. వీపు నిటారు చేసుకున్నాను. పై గుండీ పెట్టుకున్నాను. నవ్వొస్తే బాగుంటుందా రాకపోతే బాగుంటుందా అని కూడా ఆలోచించినాను.

"ఇప్పుడు సరిపాయ లైటు" అన్నాడు సారు.

తలుపు వైపు తిరిగి, "రాండమ్మా, రాండి. కూర్చోండి" అని పిలిచినాడు. పాస్‌పోర్టు ఫొటోలకని వచ్చిన ఇద్దరు మొగుడూ పెళ్లాలు ముందుగదిలో కూర్చోనున్నారు. వాళ్లు లోపలికొచ్చినారు. నేనింకా స్టూలు మీదనే ఉన్నాను.

"లేయప్పా, వాళ్లు కూర్చోవాల" అన్నాడు నాతో, కోపం లేకుండా. అంటూనే బొటనవేలితో కెమెరా మీద నావి ఒక్కొక్కటే చెరిపేసినాడు.

లేచి గోడకు ఆనుకొని నిలబడినాను. గుండీ ఊడదీసుకోవాలో ఉంచుకోవాలో తెలీలేదు. సారు వాళ్లిద్దరికీ నెమ్మదిగా, బాగా తీసినాడు. నా వైపు ఒక్కసారీ చూడలేదు. వాళ్లు పోయినాక కెమెరా నా చేతికిచ్చి, "రేపు ఆయమ్మ వస్తే నువ్వే చెప్పు" అన్నాడు.

శనివారం సుంకులమ్మ వచ్చింది. తీసినాను, చెరిపేసినాను, ఒక్కటీ లేదు అని చెప్పినాను. ఎందుకు తీసేవాణ్ణో కూడా చెప్పినాను, లైటు కోసమని. అది చెప్పకుండా ఉండొచ్చు. కానీ అప్పటికి నాకు అబద్ధమాడే ఓపిక అయిపోయింది.

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఒకటే అడిగింది.

"ఆయప్పకు తెలుసునా?"

"తెలీదమ్మా."

"నిజంగా?"

"నిజంగా తెలీదు. ప్రతిసారీ బాగ పడిందనే చెప్పేవాణ్ణి."

ఆమె ఊపిరి విడిచి పైటతో ముఖం తుడుచుకుంది. "ఐతే ఇంగ ఎవురికీ తెలియాల్సిన పని లేదు. సోమవారం అన్నానికి రా నాయనా" అని చెప్పి మెట్లు దిగింది.

అనంతపురం బస్సు టైముకు నేనింకా అక్కడే నిలబడి ఉన్నాను. కెమెరా సంగతి ఏం చేయమంటారని సారును అడిగినాను.

"కొనుక్కోమన్నా గదా. అది మంచి కెమెరానే" అన్నాడు. "ముందు సోమవారం పోయిరా. చేతిలో ఏమీ తీసుకోకుండా పో."

తర్వాత కొన్నాను, దాచడమెందుకు. చీకట్లో కూడా మొదటి నొక్కుకే లైటు కుదురుతుంది. ఆయన అన్నట్టు మంచి కెమెరానే.

ఆ సోమవారం కదిరప్ప దినానికి పోయినాను. వాళ్లిల్లు రైల్వే గేటు అవతల. మెడలో బరువు లేకుండా ఒకరి గడప తొక్కడం నాకు ఎప్పుడూ లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలీలేదు. లోపల పటం పెట్టాల్సిన చోట మడిచిన కొత్త పంచె, దాని మీద కండువా పెట్టి, ముందర దీపం వెలిగించినారు. దండం పెట్టుకొని బయటికొచ్చి చివర ఎక్కడో కూర్చోబోయినాను.

చుట్టాల్లో ఎవరో "ఎవరీయన?" అన్నారు.

అన్నం గంప పట్టుకొని వస్తున్న సుంకులమ్మ ఆగి చెప్పింది. "ఓబులేసు. ఆయప్ప ఫొటోలన్నీ ఈయనే తీసినాడు."

అందరూ నా వైపు తిరిగినారు. కదిరప్పకు అన్న అంట, కదిరి నుంచి వచ్చిన ముసలాయన, లేచి నా చెయ్యి పట్టుకొని తీసుకుపోయి మొదటి బంతిలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇస్తరాకు తనే పరిచి నీళ్లు చల్లినాడు. తమ్ముణ్ణి చూసి ఆరేళ్లయిందని చెప్పినాడు. పొలాలు, కోర్టు, ఏవేవో అడ్డం పడి రాలేకపోయినాడంట. చెప్పి, నా మోకాలి మీద చెయ్యేసి అడిగినాడు.

"ఫొటోలో ఎట్ల పడేవాడు నాయనా, మా తమ్ముడు?"

సుంకులమ్మ గరిటె ఎత్తి అట్లనే నిలబడింది.

కదిరప్ప ముఖం గుర్తు తెచ్చుకోబోయినాను. ఎడమ చెంప మీద పడే పసుపు లైటు గుర్తొచ్చింది. నుదుటి మీద తళుక్కుమనే చోటు గుర్తొచ్చింది. ముక్కు పక్కన నీడ ఎంత పొడుగ్గా పడేదో కూడా చెప్పగలను. ముఖం గుర్తుకు రాలేదు.

సుంకులమ్మ వంగి నా ఆకులో అన్నం పెట్టింది.

"తిను నాయనా" అంది.