లాకులో వేసిన ముడి

గోదావరి కాలవల మీద కొబ్బరికాయల పడవ నడుపుకుంటూ తాతబ్బాయి అనే ఆయన ఉండేవాడు. ముడి వేసి కట్టేస్తే తప్ప ఈ లోకంలో ఏదీ తనకు మిగలదని ఆయన భయం.

లంక ఊళ్ల దాకా లారీలు ఇంకా రాని రోజులవి. సరుకంతా కాలవల మీదే నడిచేది. పడవ వాళ్లకు కొట్టూ పడవే, ఇల్లూ పడవే. తాతబ్బాయి పడవ సన్నగా, పొడుగ్గా ఉండేది. మధ్యలో కాయల రాశి, వెనక కొసన తాటాకు గూడు. ఆ గూట్లోనే ఆయనా, భార్య వరహాలూ, ఎనిమిదేళ్ల కూతురు నూకాలూ కాపురం ఉండేవారు. చెక్క పళ్లెంలో ఇసుక పోసి, దాని మీద మట్టి పొయ్యి పెట్టుకున్నారు. తాగడానికి కాలవ నీళ్లే. కుండలో ముంచి, ఇండుపగింజ అరగదీసి కలిపితే మట్టంతా అడుక్కి దిగేది. పొద్దున్న లేస్తూనే పడవ అడుగున ఊరిన నీళ్లు తోడెయ్యాలి. ఒక పూట బద్ధకిస్తే చాప తడిసేది. ఇంకో పూట బద్ధకిస్తే బియ్యం తడిసేవి.

కదిలే ఇంట్లో సామాను కట్టి ఉంచుకోవడం తెలివైన పనే. నీళ్ల కుండ దొర్లకుండా కట్టాలి, పడవ నెట్టే గెడలు జారిపోకుండా కట్టాలి. అయితే తాతబ్బాయి తెలివి అక్కడితో ఆగలేదు. ఆయన గరిటెను కట్టేవాడు. ఉప్పు డబ్బాను కట్టేవాడు. కోడిపుంజును కాలికి కట్టేవాడు, ఆ కట్టిన తాడును ఇంకో తాడుతో కట్టేవాడు. చాకు ఎక్కడ పడిపోతుందోనని గూట్లో కొక్కేనికి మూడు పేటల తాడుతో బిగించాడు. కత్తిపీట సంగతి చెప్పనే అక్కర్లేదు. కూర తరగాలంటే వరహాలు ముందు ముడి విప్పాలి, తరిగాక మళ్లీ వెయ్యాలి.

"ఏమయ్యా, నన్ను కూడా ఓ కొక్కేనికి తగిలించరాదూ, ఓ పనైపోద్ది," అనేది వరహాలు.

"నవ్వు నవ్వు. పోయాక తెలుస్తాది," అనేవాడు తాతబ్బాయి.

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. చిన్నప్పుడు ఓ వరదలో వాళ్ల నాన్న పడవ తాడు ఊడి కొట్టుకుపోయింది. మళ్లీ దొరకలేదు. అప్పటి నుంచి ఆయన పరాయి పడవల మీద చాకిరీ చేసి, కడుపు కట్టుకుని, చివరికి ఈ పడవ చేయించుకున్నాడు. అందుకే రేవులో అందరూ ఒక ముడి వేస్తే ఆయన నాలుగు వేసేవాడు. వేసినవాటిని పడుకోబోయే ముందు మళ్లీ తడిమి చూసుకునేవాడు.

పడవల్లో పుట్టిన పిల్లలకు నడక వచ్చిన నాటి నుంచి నడుముకు తాడు కట్టడం ఆ కాలవల మీద వాడుక. ఈత వచ్చిన రోజున తాడు విప్పేస్తారు. ఆ రోజు రేవులో ఉన్న పడవలన్నింటికీ అటుకులూ బెల్లమూ పంచుతారు. అయిదేళ్లకో ఆరేళ్లకో అందరి పిల్లలకూ ఆ పండగ అయిపోయేది. నూకాలుకు మాత్రం కాలేదు. తన ఈడు పిల్లలంతా రేవుల్లో చేపల్లా తిరుగుతుంటే ఆ పిల్ల గూటి గుంజకు కట్టిన తాడు ఎంత దూరం సాగితే అంత దూరం వచ్చి, అంచున కూర్చుని కాళ్లు ఆడించేది. చూసేవాళ్లకే ప్రాణం ఉసూరుమనేది.

గవరమ్మ అని ఓ ముసలావిడ ఉండేది. కొడుకుతో కలిసి కుండల పడవ నడిపేది. ఆ రేవుల్లో సగం మంది పిల్లలకు ఈత నేర్పింది ఆవిడే. నోరు కాస్త పెద్దది.

"ఒరే తాతబ్బాయ్, మీ అమ్మాయి అటుకులు ఎప్పుడ్రా? నా పళ్లన్నీ రాలాక పెడతావేంటి?" అని అడిగింది ఓసారి.

"దానికి నీళ్లంటే భయం అత్తా," అన్నాడు తాతబ్బాయి.

"దానికా, నీకా?"

తాతబ్బాయి వెళ్లి పిల్ల నడుము తాడుకు ఇంకో ముడి వేసి వచ్చాడు.

కొన్ని మధ్యాహ్నాలు ఆయన కాయల బేరానికి ఊళ్లోకి వెళ్లి తిరిగి వచ్చేసరికి నూకాలు జడ తడిగా ఉండేది. "తలకి పోశాను," అనేది వరహాలు. రేవు రేవుకూ ఈ తలంట్లేమిటని ఆయనకు అనుమానం రాలేదు. ముడి తను వేసినట్టే ఉందా లేదా అన్నదే ఆయనకు కావలసింది. ముడి ఉండేది. ఆయన నిశ్చింతగా అన్నానికి కూర్చునేవాడు.

ఒకసారి కాయలు నిండుగా వేసుకుని పల్లపు కాలవకు బయలుదేరారు. పడవ మీద పనిచేసే కళాసి చెల్లెలి పెళ్లికని సెలవు పెట్టి వెళ్లాడు. ఇంకొకడిని పెట్టుకోమని వరహాలు పోరింది. కొత్తవాడి చేతికి పడవను పట్టే మోకుతాడు ఇవ్వడానికి తాతబ్బాయికి మనసొప్పలేదు. అలాగే లాకు దగ్గరికి వచ్చారు.

లాకు అంటే మరేం లేదు. మెరక కాలవ నుంచి పల్లపు కాలవలోకి పడవలు దిగడానికి కట్టిన పెద్ద రాతి తొట్టి. అటూ ఇటూ పెద్ద పెద్ద చెక్క తలుపులు ఉంటాయి. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపుల అడుగున ఉన్న తూము తెరుస్తారు. నీళ్లు కిందికి పోతుంటే పడవ కూడా మెల్లగా కిందికి దిగుతుంది. పడవ అటూ ఇటూ కొట్టుకోకుండా ముందొక మోకు, వెనకొక మోకు గట్టు మీది రాతి గుంజలకు చుట్టి, కొసలు చేత్తో పట్టుకుంటారు. నీళ్లు దిగిన కొద్దీ మోకు వదులుతూ ఉండాలి. లాకులో మోకు పట్టుకోవాలే గాని కట్టకూడదు. పడవ పిల్లలు మాటలు నేర్చుకునేటప్పుడే నేర్చుకునే సంగతి ఇది.

ఈ సంగతి తాతబ్బాయికి తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. కానీ ఆ రోజు చేతులు తక్కువయ్యాయి. ముందు మోకు తను పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. వెనక మోకు ఎవరు పట్టాలి?

పక్కనే గవరమ్మ పడవ కూడా లాకులోకి వచ్చి ఆగింది. "మీ ఆవిడ చేతికియ్యరా," అందావిడ.

"నాకియ్యి, పడతాను," అంది వరహాలు చెయ్యి చాపి.

"నీవల్ల కాదు. జారిపోద్ది. పడవెళ్లి తలుపుల్ని గుద్దిందంటే మన బతుకు గోదాట్లో కలుస్తాది," అన్నాడు తాతబ్బాయి. అని, వెనక మోకును రాతి గుంజకు కట్టేశాడు. ఒకటి కాదు, రెండు ముడులు వేశాడు. నీళ్లు కాస్త దిగగానే వచ్చి వదులు చేద్దామని ఆయన లెక్క.

"ఒరేయ్, లాకులో ముడేంట్రా!" అని అరిచింది గవరమ్మ.

"నాకు తెలుసులే అత్తా!" అన్నాడు. లాకు మనిషి జోగులు అప్పటికే తూము తెరిచేశాడు.

నీళ్లు దిగడం మొదలైంది. ముందు మోకు తాతబ్బాయి చేతిలోంచి కొంచెం కొంచెంగా జారుతోంది. ఇక వెనక్కి వెళ్లి ముడి వదులు చేయాలి. అంతలో పడవ ముందు కొస రాతి గోడకు రాసుకుంది. అక్కడ కొత్తగా వేయించిన చెక్క పలక గీసుకుపోతుందని ఆయన ప్రాణం గిలగిలలాడింది. గట్టు మీంచే గెడతో పడవను అవతలికి నెట్టి, పలకను చూసుకుని, తృప్తిపడి తలెత్తేసరికి వెనక మోకు బిగిసిపోయి ఉంది.

ముందు మోకు వదిలేసి వెనక్కి పరిగెత్తాడు. తడిసిన పీచు మోకు, దాని మీద పడవ బరువు. ముడి రాయిలా అయిపోయింది. గోళ్లతో లాగాడు. పళ్లతో లాగాడు. కదల్లేదు. చాకు కోసం మొల తడుముకున్నాడు. చాకు గూట్లో ఉంది, కొక్కేనికి, మూడు పేటల తాడుతో.

ముందు కొస నీళ్లతో పాటు కిందికి పోతోంది. వెనక కొస మోకుకు వేలాడుతోంది. పడవ ఒరిగింది. రాశిలో కాయలు గలగలమని ముందుకు దొర్లాయి. ఆ బరువుకు ముందు కొస ఇంకా వంగి, అంచు మీదుగా నీళ్లు లోపలికి దూకాయి. గూట్లో అన్నం కుండ బోర్లాపడి, గంజి పొయ్యి మీద ఒలికి నిప్పు ఆరిపోయింది. ఆ పూట జరిగిన మంచి అదొక్కటే.

"తూము మూసెయ్యి!" అని అరిచారు అందరూ. జోగులు మర తిప్పుతూనే ఉన్నాడు. పాతకాలపు మర. దాని తొందర దానిది.

అప్పుడు తాతబ్బాయికి కూతురు గుర్తుకొచ్చింది. నూకాలు గూటి గుంజకు కట్టేసి ఉంది. పడవ మునిగితే పిల్ల పడవతో పాటే పోతుంది. ఆ ముడి కూడా తను వేసిందే. "నూకాలూ!" అని గట్టు మీద మోకాళ్ల మీద కూలబడ్డాడు.

వరహాలు కూలబడలేదు. పొద్దున్న బీరకాయలు తరిగాక కత్తిపీటకు మళ్లీ ముడి వెయ్యడం ఎందుకులెమ్మని ఊరుకుంది. ఇప్పుడు ఆ కత్తిపీటను పైకెత్తి పిల్ల నడుము తాడు తెగ్గోసింది.

"దూకవే!" అంది.

"వద్దు! దానికి ఈత రాదు!" అని గట్టు మీంచి కేక పెట్టాడు తాతబ్బాయి.

నూకాలు ఒకసారి తండ్రి వైపు చూసింది. ముక్కు మూసుకుని దూకేసింది. నీళ్లలో తల మునిగిపోయింది. అంతలో తల పైకి వచ్చింది. చేతులు బారలు వేశాయి. తేలుతున్న కొబ్బరికాయలను పక్కకు నెట్టుకుంటూ పిల్ల తిన్నగా గవరమ్మ పడవ దగ్గరికి ఈదుకుంటూ వెళ్లింది. ఆవిడ వంగి, జడ పట్టుకుని పైకి లాగేసింది.

పిల్ల ఆ పడవెక్కడం చూశాక వరహాలు వెనక మోకు మీద కత్తిపీటను రంపంలా ఆడించింది. ఒక్కొక్క పేటా తెగింది. చివరి పేట తెగగానే పడవ దభాలున నీళ్ల మీద పడింది. అటూ ఇటూ ఊగింది. ఆఖరికి సమానంగా నిలబడింది.

కోడిపుంజు రెండు తాళ్లతోనూ చిక్కుపడి గోల చేస్తోంది.

పల్లపు కాలవలోకి వచ్చాక రేవులో పడవ నిలబెట్టారు. చుట్టుపక్కల పడవల వాళ్లంతా వచ్చి నీళ్లు తోడారు. తేలిపోయిన కాయలను ఏరి తెచ్చి మళ్లీ రాశి పోశారు. ఎవరికి దొరికినవి వాళ్లు దాచుకుంటారని తాతబ్బాయి అనుకున్నాడు. ఒక్కరూ దాచుకోలేదు. ఆయన ఎన్నడూ కట్టెయ్యని మనుషులు వాళ్లు.

గవరమ్మ నూకాలును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పజెప్పింది. తెగిన నడుము తాడు ముక్క ఇంకా పిల్ల ఒంటి మీదే ఉంది.

"ఎప్పుడు నేర్పావే?" అని అడిగాడు తాతబ్బాయి భార్యను.

"నువ్వు బేరానికి ఎళ్లినప్పుడల్లా. గవరమ్మత్తా నేనూ కలిసి," అంది వరహాలు. "ఈతదేముంది, పిల్ల వారంలో పట్టేసింది. ఆ ముడి విప్పి, మళ్లీ అచ్చం నువ్వేసినట్టే వెయ్యాలి చూడు, అదయ్యా నాకు చచ్చే చావు."

"నాన్నా, కోపమొచ్చిందా?" అంది నూకాలు.

తాతబ్బాయికి కోపం రావలసిందే. రాలేదు. ఏడుపు వచ్చింది. కూతుర్ని దగ్గరికి తీసుకుని బావురుమన్నాడు. తర్వాత ఆ తాడు ముక్క ముడి విప్పబోయాడు. తను వేసిన ముడి తనకే రాలేదు. వరహాలు వచ్చి ఒక్క వేలితో విప్పేసింది.

"మరి అటుకులో?" అంది గవరమ్మ.

ఆ సాయంత్రం రేవులో ఉన్న పడవలన్నింటికీ అటుకులూ బెల్లమూ అందాయి. తాతబ్బాయి తనే గిన్నె పట్టుకుని పడవ పడవకూ తిరిగాడు. గవరమ్మ రెండోసారి కూడా పెట్టించుకుంది.

మర్నాడు ఇంకో లాకు వచ్చింది. తాతబ్బాయి ముందు మోకు తీసుకుని గట్టెక్కాడు. వెనక మోకు గుంజకు చుట్టి, కొస పడవలో ఉన్న వరహాలు చేతికి ఇచ్చాడు. ఇచ్చే ముందు అలవాటు కొద్దీ ఓ ముడి వెయ్యబోయి ఆగాడు. అమ్మ వెనక నిలబడి నూకాలు కూడా మోకు పట్టుకుంది. నడుముకు తాడు లేదు. జడకు కొత్త రిబ్బను ఉంది.

నీళ్లు దిగడం మొదలైంది.

"వదులు," అన్నాడు తాతబ్బాయి. "పట్టు. వదులు. మళ్లీ పట్టు."

"నువ్వు నీ మోకు చూసుకో నాన్నా!" అంది నూకాలు.

గట్టు మీద ఆ లాకు మనిషి పకపకా నవ్వాడు. చుక్క నీరు కూడా లోపలికి చిందకుండా పడవ మెల్లగా, తిన్నగా కిందికి దిగింది. ముందు తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా కింది కాలవ ఎండలో మెరుస్తూ కనిపించింది.

మనకు ఇష్టమైనవాళ్లను ముడివేసి కట్టెయ్యకూడదు, చేత్తో పట్టుకోవాలి. ఎందుకంటే వదలవలసిన వేళ చెయ్యి వదలగలదు, ముడి వదలలేదు.