నలభయ్యో సెకను

గవరయ్య మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. ఆయన దగ్గర పిట్టల్ని చూడడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో సగంమంది ఈ అలవాటుకే విసిగి మానేశారు. మానకుండా మిగిలినవాళ్ళలో సన్యాసిరావు ఒకడు. యాభై దాటినవాడు, కరెంటాఫీసులో గుమాస్తా. ఆ ఏడు కార్తీకం మొదట్లో ఓ సాయంత్రం మాస్టారిని తన పెరట్లోకి తీసుకొచ్చి మరీ అడిగాడు.

"కూత రికార్డు చేసి వినిపిస్తే పిట్ట దగ్గరకొస్తాది, ఫోటో బాగా పడతాది. మీరేమో వద్దంటారు. దానికేటి నష్టం మాస్టారూ? వట్టి శబ్దమే కదా!"

అడగడానికి అతనికి కారణం ఉంది. ఉత్తరాన చలి మొదలవగానే పొన్నంగి పిట్టలు దక్షిణానికి బయలుదేరతాయి. దారిలో అలిసిపోయి ఏదో ఒక పెరట్లో దిగి, నాలుగు రోజులు ఎండుటాకుల కింద పురుగుల్ని ఏరుకు తిని, ఒంట్లోకి కాస్త సత్తువ రాగానే వెళ్ళిపోతాయి. రెండేళ్ళ కిందట అలా నిమ్మచెట్టు కింద దిగినదాన్ని మొదట చూసింది అతని భార్య వరహాలమ్మ. "ఫోటో తియ్యండి, గోడకి పెట్టుకుందాం" అంది. ఆ రోజు కూత రికార్డయింది గానీ ఫోటో పడలేదు. మరుసటి కార్తీకానికి గోడమీద వరహాలమ్మ ఫోటో ఉంది, పిట్టది లేదు. ఆ లోటు అతన్ని తినేస్తోంది.

ఈ ఏడు పిట్ట మళ్ళీ వచ్చింది. ఇవాళో రేపో వెళ్ళిపోతుందని అతని భయం. అందుకే చిన్న స్పీకరు పెట్టె ఒకటి నిమ్మచెట్టు కింద పెట్టి, మూడు రోజులుగా ఆ పాత కూతే ఫోనులోంచి వినిపిస్తున్నాడు. నిన్నటినుంచి పిట్ట ఆకులు కెలకడం మానేసింది. తిండి మాని పెట్టె చుట్టూ తిరుగుతోంది. సన్యాసిరావు అది చూశాడు, కానీ పట్టించుకోలేదు. ఆశ అలాంటిది మరి. ఇంకో సంగతి కూడా ఉంది. రికార్డును ఎప్పుడూ నలభయ్యో సెకనుకి ఆపేసేవాడు. తర్వాత ఏముందో అతనికి తెలుసు. రెండేళ్ళుగా వినలేదు, చెరిపెయ్యనూ లేదు.

మాస్టారు నిమ్మచెట్టుకి ఎదురుగా నిలబెట్టిన కెమెరా వెనక పీట వేసుకుని కూర్చున్నారు. "ఫోను ఇలా ఇయ్యి. కెమెరా కూడా నేనే చూసుకుంటాను. నువ్వు ఊరికే కూర్చో" అన్నారు. సన్యాసిరావు ఆలోచించకుండానే ఇచ్చేశాడు.

పొద్దు కొండ వెనక్కి దిగింది. కాకులు సద్దుమణిగాయి. పెట్టె రెండు స్వరాల్లో ఈల వేసింది. పిట్ట గెంతుకుంటూ వచ్చింది. పెట్టె ముఖంలోకి తొంగి చూసి బదులు పలికింది. కాసేపు ఆగింది. తర్వాత పెట్టె వెనక్కి వెళ్ళి చూసింది. అక్కడెవరూ లేరు. మళ్ళీ ముందుకొచ్చి తొంగి చూసింది. పెట్టెలో నిజంగానే ఎవరో ఉన్నారనిపించింది సన్యాసిరావుకి. అప్పుడు గుర్తొచ్చింది, సెకన్ల లెక్క. ముప్పై ఆరు, ముప్పై ఏడు.

"మాస్టారూ, ఆపీయండి" అంటూ చెయ్యి చాపాడు. మాస్టారు ఫోను అవతలి చేతిలోకి మార్చుకున్నారు.

ఈల ఆగింది. పెట్టెలో ఎండుటాకులు గలగలలాడాయి. అవి రెండేళ్ళ కిందట రాలిన ఆకులు. ఎవరో వాటిమీద మెల్లగా అడుగేస్తున్నారు.

"ఏవండీ..." గుసగుసగా, పక్కనుంచే పిలిచినట్టు వినిపించింది. "బేగి రండి. ఇక్కడే ఉంది."

అది తన ఫోనే. రికార్డు చేసింది తనే. వరహాలమ్మ చితికి నిప్పు పెట్టిందీ తనే. అన్నీ తెలిసే సన్యాసిరావు లేచాడు. "వస్తన్నానే" అన్నాడు పైకే. చెప్పులు లేని కాళ్ళతో నిమ్మముళ్ళు తొక్కుకుంటూ వెళ్ళి మోకాళ్ళమీద కూర్చున్నాడు. పెట్టె ముఖంలోకి చూశాడు. తర్వాత మెడ చాచి దాని వెనక్కి చూశాడు.

పిట్ట ఎగిరిపోలేదు. పెట్టెకి అవతలివైపు, జానెడు దూరంలో మెడ చాచి నిలబడి ఉంది. ఆ చూపు అతనివైపు కాదు, పెట్టెవైపే. మాట ఆగిపోయింది, ఆకుల చప్పుడూ ఆగిపోయింది. మళ్ళీ పిలుస్తుందేమోనని ఇద్దరూ కదలకుండా ఎదురుచూశారు.

వెనకనుంచి మాస్టారి గొంతు మెల్లగా వినబడింది.

"కదలకు నాయనా. ఇద్దరూ ఒక్క ఫ్రేములోనే పడ్డారు. తియ్యమంటావా?"